పాత వాకిలి మూయు విధము

మన పాఠశాల కార్యాలయమున బీరువాకును గోడకును నడుమ నల్లని చిన్న పెట్టె యొకటి కలదు. దానిమీద రెండు దీపములు రేయింబగళ్లు మినుకుచుండును. పిల్లలనేకులు దానిని వై-ఫై పెట్టె యని తలంతురు. అది వై-ఫై పెట్టె కాదు. ప్రవేశపు రిజిస్టరులు, టి.సి.ల నకళ్లు, పరీక్షల మార్కుల పట్టికలు, ఉపాధ్యాయుల జీతపు బిల్లులు, క్రిస్మసు నాటకముల ఛాయాచిత్రములు మొదలగునవన్నియు దానియందే భద్రపఱుపబడి యున్నవి. కార్యాలయమునుండియు, ఉపాధ్యాయుల గదినుండియు, గ్రంథాలయమునుండియు కంప్యూటర్లు దానిని చేరి, ఫైళ్లను తీసికొనుచు మరల నుంచుచు నుండును. దీనిని నెట్‌వర్కు నిల్వపెట్టె యనవచ్చును. అంగళ్లలో నాస్ అని యడిగినచో నిత్తురు.

ఈ పెట్టెకు ఒక పాత వాకిలియు, ఒక క్రొత్త వాకిలియు నుండెను. పాతదానిని మూయవలెనని యెఱిగియు మేము పెక్కునాళ్లు ఊరకుంటిమి. మొదటిసారి మూసినప్పుడు అనేకులకు కష్టము కలిగించితిమి. రెండవసారి మూసినప్పుడు ఎవరికిని తెలియనే తెలియలేదు. ఈ రెండుసారులకును గల భేదము విద్యార్థులకును, ఇండ్లలోను అంగళ్లలోను ఇట్టి పెట్టెలు గల తలిదండ్రులకును ఉపయోగపడునని తలంచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట వాకిలి యనగా నేమో చెప్పవలెను. సుచిత్ర కూడలిలో కొంతసేపు నిలిచి చూడుడు. నాగపురము రహదారిమీదుగా వచ్చిన లారీ టీ యంగడియొద్ద నాగును. డ్రైవరు మరాఠీలో నడుగును. అంగడివానికి అది రాదు. పిమ్మట హిందీలో నడుగును. అది యిరువురకును వచ్చును గనుక బేరము కుదురును. కంప్యూటర్లును ఇట్లే మాటలాడుకొనును. ఫైలు కోరు కంప్యూటరు తనకు తెలిసిన భాషాభేదములను మొదటనే చెప్పుకొనును. ఫైలు నిచ్చు పెట్టె, ఇరువురకును తెలిసినవానిలో మిక్కిలి క్రొత్తదానిని ఏర్పఱచుకొనును. తరువాతి సంభాషణ యంతయు దానిలోనే జరుగును. ఇట్టి కట్టుబాటునకు ప్రోటోకాలు అని పేరు. మన పెట్టెయొక్క ప్రోటోకాలు పేరు సర్వర్ మెసేజ్ బ్లాక్. పొడి యక్షరములలో ఎస్.ఎమ్.బి. దాని ఒక్కొక్క రూపమును నిపుణులు మాండలికమనియే పిలుతురు.

దీని చరిత్ర నలువది యేండ్లకు పైబడినది. ఐ.బి.ఎమ్. సంస్థలో పనిచేయుచుండిన బారీ ఫైగెన్‌బామ్ అను నతడు 1983 ప్రాంతమున దీనిని కల్పించెను. మైక్రోసాఫ్టు సంస్థ దానిని స్వీకరించి పెంచెను. ఆస్ట్రేలియా దేశపు కాన్‌బెరా నగరమున చదువుకొనుచుండిన ఆండ్రూ ట్రిడ్జెల్, ఇతర జాతుల కంప్యూటర్లును ఈ భాష మాటలాడుటకై 1992 ప్రాంతమున నొక ప్రోగ్రామును వ్రాసెను. అదియే తరువాత సాంబా యను పేరొందినది. మన పెట్టె వంటి అనేకములలో నేటికిని పనిచేయుచున్నది సాంబాయే. ఆ కాలపు మాండలికమే ఎస్.ఎమ్.బి. 1. విండోస్ విస్టాతో 2006లో రెండవదియు, విండోస్ 8తో 2012లో మూడవదియు వెలువడెను. మొదటిదానిలో నూటికి మించిన ఆజ్ఞలుండగా, రెండవదానిలో వానిని పందొమ్మిదికి తగ్గించిరి. కావున మాట తగ్గి పని హెచ్చినది. మూడవదానిలో, త్రోవలో పొంచియున్నవాడు చదువలేకుండునట్లు ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చి పంపు నేర్పుకూడ చేరినది. మొదటిదాని కా నేర్పు లేదు.

ఇక్కడ నొక సందేహము కలుగును. ఇరువురకును తెలిసినవానిలో క్రొత్తదానినే యేర్పఱచుకొందురు గదా, పాతది ప్రక్కన పడియున్నచో హాని యేమి? హాని యేమనగా, మంచివారు తమకు తెలిసినదంతయు చెప్పుదురు, దొంగ చెప్పడు. నాకు పాతదొక్కటియే వచ్చునని వాడు పలుకును. పాత వాకిలి తెఱచియున్న పెట్టె వానిని నమ్మి ఆ వాకిటనే లోనికి రానిచ్చును. మనము నిత్యము క్రొత్త వాకిటనే వచ్చి పోవుచుండుటచేత పాతది తెఱచియున్న సంగతియే మఱచిపోవుదుము.

అట్లు మఱచినవారికి ఏమి సంభవించినదో 2017వ సంవత్సరమున లోకమంతయు చూచినది. విండోసునందు ఈ పాత మాండలికమును నడుపు భాగములో నొక లోపముండెను. మైక్రోసాఫ్టు సంస్థ 2017 మార్చి 14న దానికి మరమ్మతు విడుదల చేసెను. సరిగా నెల దినములకు, ఏప్రిల్ 14న, ఆ లోపముగుండ చొరబడు సాధనమును షాడో బ్రోకర్స్ అని చెప్పుకొను గుంపు బహిరంగపఱచెను. మే 12న వాన్నాక్రై యను పురుగు బయలుదేరెను. అది ఒక కంప్యూటరునుండి మఱియొకదానికి ఎవరును ఏమియు నొక్కకయే ప్రాకును. ఫైళ్లన్నిటిని గూఢలిపిలోనికి మార్చి, తిరిగి కావలెనన్న మూడువందల డాలర్లు ఇమ్మని యడుగును. కొలది దినములలోనే నూటయేబది దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లు దాని వాతబడెను. ఇంగ్లాండు దేశమున ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. మన తెలుగునాట ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటర్లు చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలో దీనికి గుఱియైనట్లు పత్రికలు ప్రకటించినవి. మరమ్మతు వచ్చి రెండు నెలలైనను దానిని వేసికొననివారే ఎక్కువగా చెడిరి.

మైక్రోసాఫ్టు సంస్థ 2014లోనే ఎస్.ఎమ్.బి. 1 కాలము చెల్లినదని ప్రకటించి యుండెను. 2017 చివర వచ్చిన విండోస్ 10 రూపమునుండి సాధారణముగా దానిని అమర్చుటయే మానివేసెను. సాంబావారు 2019లో 4.11 రూపమునుండి దానిని మూసియే యిచ్చుచున్నారు. అయినను పూర్వము కొన్న పెట్టెలలోను, ఎవరో అవసరమునకు తెఱచి విడిచిన పెట్టెలలోను అది నేటికిని తెఱచియే యుండును. మనది అట్టిదే.

ఇక మా తప్పును చెప్పెదను. రెండేండ్ల క్రిందట, జూను నెలలో ఒకనాటి సాయంకాలము, ఈ సంగతులన్నియు చదివి భయపడి, నేను పెట్టెయొక్క సెట్టింగులను తెఱచి పాత మాండలికమును మూసివేసితిని. దానికి రెండు నిమిషములు పట్టెను. మంచిపని చేసితినని సంతోషించి యింటికి పోతిని. మఱునాడు ప్రవేశముల దినము. మేడ్చల్, శామీర్‌పేట, కొంపల్లి, జీడిమెట్లలనుండి వచ్చిన తలిదండ్రులు వరుసలో నిలుచుండిరి. కార్యాలయపు స్కానరు పిల్లల ధ్రువపత్రములను చూచి పెట్టెలోనికి పంపవలెను, అది పంపలేదు. మా గుమాస్తాగారు యంత్రమును నాలుగుసారులు ఆపి తెఱచిరి. తీగలు విప్పి తగిలించిరి. కాగితపు తట్టను తుడిచిరి. వరుస పెరుగుచుండెను. కూలిపని మానుకొని వచ్చిన తండ్రి యొకరు గడియారమును చూచుచు నిలిచిరి. నేను పోవునప్పటికి గుమాస్తాగారు చెమటతో తడిసి, “సార్, నిన్నటివఱకు ఇది బాగుగనే పనిచేసినదండి. నేనేమియు ముట్టలేదు” అనిరి.

ఆ మాట నన్ను నొప్పించినది. ఏలయన, తప్పు నాది. నింద తనపై పడునని భయపడినవారు ఆయన. ఆ స్కానరు పాత మాండలికమొక్కటియే యెఱుగునని నేను విచారింపలేదు. మధ్యాహ్నమునకు పాత వాకిలి మరల తెఱచితిని. తరువాత దాదాపు ఒక యేడు దానిని ముట్టుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. తొందరపడి చేసిన మంచిపని యిట్లే చెడును. పని నిలుచుటయే కాక, మరల మొదలుపెట్టుటకు మనసును నిలిచిపోవును.

రెండవసారి మేము చేసిన క్రమమిది.

మొదట జాబితా వ్రాసితిమి. పెట్టెతో మాటలాడు ప్రతి యంత్రము పేరు, అది యుండు చోటు, దానిని వాడువారెవరు, ఎప్పుడెప్పుడు వాడుదురు అను నాలుగు సంగతులను ఒక నోటుపుస్తకమున గడులు గీసి నింపితిమి. కంప్యూటర్లనే గాక స్కానరులను, హాలులో సినిమాలు చూపు పరికరమును కూడ చేర్చితిమి. తెర లేని యంత్రములను మనుష్యులు లెక్కకు మఱచుచుందురు.

రెండవది, వినుట. జాబితా మనము తలంచునది. పెట్టెకు నిజముగా ఎవరు వచ్చుచున్నారో పెట్టెయే చెప్పవలెను. విండోస్ సర్వరు గలవారు, పాత మాండలికములో వచ్చినవారి చిరునామాలను వ్రాసియుంచుమని దాని కాజ్ఞాపింపవచ్చును. అట్టి ప్రతి పద్దు 3000 అను సంఖ్యతో నమోదగును. ఇందువలన ఎవరి పనియు నాగదు. సాంబా గల పెట్టెలలో స్మ్‌బ్‌స్టేటస్ అను ఆజ్ఞ యిచ్చినచో, అప్పుడు కలిసియున్న యంత్రములన్నియు, ఒక్కొక్కటి యే మాండలికమున మాటలాడుచున్నదో కనబడును. పాతదానికి ఎదురుగా ఎన్‌టి1 అని యుండును. కాని యిది ఆ క్షణమున నున్నవారిని మాత్రమే చూపును. స్కానరు ఒక నిమిషము వచ్చి వెడలిపోవును. కావున దీనిని మాటిమాటికి నడుపునట్లు ఏర్పాటు చేసి, పెట్టె వ్రాసికొను దినచర్యలనుకూడ చదువవలెను.

ఎన్నాళ్లు వినవలెను? ఈ ప్రశ్నయే ముఖ్యమైనది. వారము చాలునని మొదట ననుకొంటిమి. కాని జీతపు బిల్లు నెలకొకసారి వచ్చును. మార్కుల పట్టిక పరీక్షకొకసారి వచ్చును. పాఠశాలయొక్క పనులన్నియు ఒకసారి తిరుగునంతకాలము వినవలెనని నిశ్చయించి మూడు నెలలు వింటిమి. మొదటి వారముననే స్కానరును, హాలులోని పరికరమును కనబడెను. రెండు నెలలు మఱియేమియు లేదు. తొమ్మిదవ వారమున జాబితాలో లేని చిరునామా యొకటి కానవచ్చెను. వెదకగా, అది గ్రంథాలయపు మూలనున్న విండోస్ ఎక్స్‌పి కంప్యూటరు. మూడు నెలలకొకసారి పుస్తకముల లెక్క సరిచూచుటకు మాత్రమే దానిని తెఱతురు. తొంబదితొమ్మిది గొఱ్ఱెలున్నను తప్పిపోయిన యొక్కదానికై వెదకిన కాపరి కథ మన పిల్లలందఱకును తెలిసినదే. నెట్‌వర్కు పనిలో ఆ యొక్కటియే మరల వాకిలి తెఱపించునది.

మూడవది, ఒక్కొక్కదానికి దారి చూపుట. స్కానరునకు దాని తయారీదారు క్రొత్త ప్రోగ్రామేదైన నిచ్చెనేమో చూచితిమి. ఆ పాత రకమునకు లేదు. దానిని ఎఫ్.టి.పి. పద్ధతికి మార్చుడని యొకరు సలహా యిచ్చిరి. కాని ఆ పద్ధతిలో పాస్‌వర్డు బట్టబయలుగ పోవును. అది ఒక పాత వాకిలి మూసి మఱియొకదానిని తెఱచుటయే. ఈ-మెయిలుగ పంపవచ్చును గాని, పిల్లల ధ్రువపత్రములు బడి గోడ దాటుట మా కిష్టము లేదు. తుదకు స్కానరును యు.యస్.బి. తీగతో గుమాస్తాగారి కంప్యూటరుకే తగిలించితిమి. ఆ కంప్యూటరు క్రొత్త మాండలికము నెఱుగును గనుక తానే పెట్టెలోనికి పంపును. గుమాస్తాగారి చేత పదిమార్లు చేయించి, వారు సరియన్న పిమ్మటనే తరువాతి పనికి పోతిమి. హాలులోని పరికరమునకు సినిమాలను పెన్‌డ్రైవులో నిచ్చితిమి. ఎక్స్‌పికి ఎస్.ఎమ్.బి. 1 తప్ప మఱియొకటి రాదు; దానికి మైక్రోసాఫ్టువారి పోషణయు 2014 ఏప్రిలులోనే ముగిసినది. కావున పుస్తకముల లెక్కను ల్యాబులోని మఱియొక కంప్యూటరునకు మార్చి, పాతదానికి విశ్రాంతి నిచ్చితిమి.

నాల్గవది, కనిష్ఠమును తెలిసి యేర్పఱచుట. పెట్టెలయందు కనిష్ఠ మాండలికము, గరిష్ఠ మాండలికము అని రెండు గడులుండును. ఉత్సాహముతో కనిష్ఠమును మూడుగా నుంచినచో, రెండవదాని మెట్లవఱకు మాత్రమే యెఱిగిన విండోస్ 7 వంటి యంత్రములును వెలుపల నిలుచును. మేము కనిష్ఠమును రెండుగను, గరిష్ఠమును మూడుగను ఉంచితిమి. మఱియు, విండోసులో నెట్‌వర్కు అను చోట పెట్టెల పేర్లు కనబడు పాతకాలపు వరుస యీ మొదటి మాండలికము నాశ్రయించినది. అది మూసినపుడు పేరు కనబడక, పెట్టెయే పోయినదని జనులు భయపడుదురు. అందుచేత ముందుగానే ప్రతి కంప్యూటరునందును పెట్టెను ఒక డ్రైవు అక్షరముగ కలిపి యుంచితిమి. పేరు, పాస్‌వర్డు లేక అతిథిగ వచ్చువారిని క్రొత్త విండోసులనేకములు నిరాకరించును. కావున ఉపాధ్యాయులందఱకును వేర్వేఱు పేర్లు నిచ్చితిమి.

ఐదవది, నకలు. మూయుటకు ముందు పెట్టెలోని సమస్తమును వేఱొక డిస్కునకు ఎక్కించి, తీగ తీసి, బీరువాలో తాళము వేసితిమి. సెట్టింగులను కూడ వ్రాసికొంటిమి.

ఆఱవది, చెప్పుట. రెండు వారములు ముందుగా ఉపాధ్యాయుల గది బోర్డుమీద దినమును, గంటను, కారణమును వ్రాసితిమి. ఏదైన పనిచేయనిచో అది మీ తప్పు కాదు, వెంటనే నాకు చెప్పుడు అని క్రిందనే పెద్ద యక్షరములతో చేర్చితిని. ప్రవేశముల పని అరగంటకు మించి నిలిచినచో పాత స్థితికి మరలవలెననియు, తక్కిన చిక్కులను మరలకయే దిద్దవలెననియు ముందే హెడ్‌మాస్టరుగారితో నిర్ణయించుకొంటిమి. భయము కలిగినపుడు నిర్ణయించుటకంటె ప్రశాంతముగ నున్నపుడు నిర్ణయించుట మేలు.

ఒక శనివారము మధ్యాహ్నము, బడి విడిచిన పిమ్మట, ఎవరి ఫైలును తెఱచి యుండలేదని చూచి, పాత వాకిలి మూసితిమి. మార్పు అమలగునపుడు కలిసియున్న యంత్రములు క్షణకాలము విడిపోవును గనుక ఆ వేళ నెన్నుకొంటిమి. పిదప ఒక్కొక్క గదికి పోయి, ఒక ఫైలు తెఱచి, ఒకటి వ్రాసి, ఒకటి తుడిచి చూచితిమి. చదువుట సాధ్యమైన చోట వ్రాయుట సాధ్యము కాకపోవచ్చును. కావున మూడును చూడవలెను. సోమవారము ఉదయము నేను ముందుగనే వచ్చి కార్యాలయమున కూర్చుంటిని. గుమాస్తాగారు వచ్చిరి, స్కానరు తెఱచిరి, పది ధ్రువపత్రములు చూపిరి, ప్రక్కనున్నవారితో వానలగూర్చి మాటలాడుచుండిరి. మార్పు జరిగినదని వారికి గుర్తే లేదు. అంతకంటె గొప్ప మెప్పును నేను కోరలేదు.

ఒక్క హెచ్చరిక. ఈ వాకిలి మూసినంతమాత్రమున సర్వము క్షేమమని తలంపరాదు. మన కంప్యూటర్లలో దేనికైన వ్యాధి సోకినచో, అది క్రొత్త వాకిటనుండియే వచ్చి పెట్టెలోని ఫైళ్లను పాడుచేయగలదు. దాని పాస్‌వర్డు మనమే యిచ్చియుంటిమి గదా. సాంబాయందును 2017 మే నెలలోనే వేఱొక లోపము బయటపడి మరమ్మతు చేయబడెను. కావున మరమ్మతులు వచ్చినప్పుడెల్ల వేయుట, తీగ తీసిన నకలును దాచుట అను రెండును విడువరాదు.

తలిదండ్రులలో ననేకులకు జీడిమెట్లలో కార్ఖానాలును, సుచిత్ర, కొంపల్లిలలో అంగళ్లును గలవు. లెక్కలుంచు పెట్టె మీకును ఉండవచ్చును. పాత వై-ఫై రౌటరునకు డిస్కు తగిలించి పంచుకొనువారు, అది ఎస్.ఎమ్.బి. 1 మాత్రమే యెఱుగునేమో విచారింపుడు. ఇంటినుండి ఫైళ్లు చూచుకొనవలెనను కోరికతో 445వ పోర్టును ఇంటర్నెట్టునకు ఎన్నడును తెఱవకుడు. పెట్టెను బాగుచేయ వచ్చినవాడు పాతదానిని తెఱచి పోయెనేమో ఒకసారి చూచుకొనుడు.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు ఆసుపత్రులలోను, బ్యాంకులలోను ఇట్టి పెట్టెలకు కావలివారగుదురు. పాత వాకిలి మూయుడు, సందేహము లేదు. కాని మూయుటకు ముందు, ఆ వాకిటనుండి ఇంకను ఎవరు వచ్చుచున్నారో చూచి, వారికి వేఱొక త్రోవ చూపి, పిమ్మట మూయుడు. గడియ వేయుటకు రెండు నిమిషములు చాలును. మూడు నెలలు పట్టునది మనుష్యులను తెలిసికొనుట.